పుల్ రిక్వెస్టులకు టెస్ట్ బాట్: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

తెలుగు టెక్స్ట్‌ను శుభ్రం చేసే ఒక చిన్న పైథాన్ లైబ్రరీని కొందరం కలిసి హైదరాబాద్ నుంచి నడుపుతున్నాం. అక్షరాలను ఒకే రూపంలోకి తేవడం, వాక్యాన్ని పదాలుగా విడగొట్టడం, అచ్చుతప్పులు పట్టుకోవడం దాని పని. 'నా మార్పును మీ కోడ్‌లో కలుపుకోండి' అని పంపే అభ్యర్థననే పుల్ రిక్వెస్ట్ అంటారు. అలా కోడ్ పంపేవాళ్లలో ఎక్కువమంది ఘట్‌కేసర్, ఇబ్రహీంపట్నం, మేడ్చల్ వైపు ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు. మేమంతా ఉద్యోగాలు చేసుకునేవాళ్లం. వాళ్లు పంపింది చూడాలంటే రాత్రి పూటో, ఆదివారమో తీరిక దొరకాలి. అందుకే పంపిన కోడ్‌ను వెంటనే పరీక్షించి ఏం జరిగిందో చెప్పే బాట్‌ను, అంటే దానంతటదే పనిచేసే ప్రోగ్రామును పెట్టుకున్నాం. ఇన్నేళ్ల వాడకం తర్వాత ఒక మాట గట్టిగా చెప్పగలను. బాట్ పెట్టడానికి ఒక సాయంత్రం చాలు. అది మనుషులతో మాట్లాడే తీరును సరిచేయడానికే శ్రమంతా పడుతుంది. ఆ శ్రమ పడిన ప్రాజెక్టుకు అది నిజంగా అండగా నిలుస్తుంది.

టెస్టులు నడపడానికి మేం మొదట వాడిన సర్వీసు ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు ఇచ్చే ఉచిత వాటాను బాగా తగ్గించేసింది. అప్పుడు మా కోడ్ ఉండే గిట్‌హబ్ సైటులోనే టెస్టులు నడిపే గిట్‌హబ్ యాక్షన్స్‌కు మారాం. అది 2019 నవంబరులో అందరికీ అందుబాటులోకి వచ్చింది. పబ్లిక్ రిపోజిటరీలకు (అందరూ చూడగలిగే కోడ్ నిల్వలకు) మామూలు రన్నర్లు, అంటే టెస్టులు నడిపే కంప్యూటర్లు ఉచితం కాబట్టి మా జేబులోంచి రూపాయి పోలేదు. ఎవరైనా పుల్ రిక్వెస్ట్ తెరవగానే లినక్స్, విండోస్, మ్యాక్ మూడింటి మీదా, మేం సపోర్ట్ చేసే ప్రతి పైథాన్ వెర్షన్ మీదా టెస్టులు నడుస్తాయి. ఇదంతా చెప్పే యామల్ ఫైలు (సెట్టింగుల ఫైలు) ఒక పేజీకి మించదు.

ఇంత చిన్న లైబ్రరీకి విండోస్ మీద కూడా ఎందుకని మాలోనే వాదన నడిచింది. మా అనుభవంలో ఎక్కువ తప్పులు దొరికింది అక్కడే. ఫైలు తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) ఏమిటో చెప్పకపోతే, లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ పైథాన్ సాధారణంగా యూటీఎఫ్-8 అనుకుంటుంది. ఇంగ్లిష్ విండోస్‌లో మాత్రం 1252 అనే పాత కోడ్ పేజీ (అక్షరాల పట్టిక) అనుకుంటుంది. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు అక్షరానికి మూడు బైట్లు పడతాయి. పొల్లు గుర్తు (్) మూడో బైటు ఉంది చూశారూ, దానికి ఆ పాత పట్టికలో ఏ అక్షరమూ కేటాయించలేదు. కాబట్టి ఫైల్లో 'అమల' అని ఉంటే పిచ్చి గుర్తులుగానైనా తెరుచుకుంటుంది. 'అమ్మ' అని ఉంటే అక్కడికక్కడే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ఒత్తు ఉన్న ప్రతి పదంలోనూ పొల్లు ఉంటుంది, ఒత్తు లేకుండా తెలుగు ఒక్క పేజీ సాగదు. లినక్స్‌లో రాసి, లినక్స్‌లోనే పరీక్షించుకునే మాకు ఈ సంగతి బాట్ లేకపోతే వాడుకరులు తిట్టాక తెలిసేది.

ఇంకోటి ఇంతకంటే ఆసక్తికరమైనది. అన్ని భాషల అక్షరాలకూ కోడ్‌లు ఇచ్చే ప్రమాణం యూనికోడ్. 2021లో వచ్చిన దాని 14వ వెర్షన్‌లో నకారపొల్లుకు (పాత తెలుగులో 'న్'కు వాడిన గుర్తుకు) విడిగా ఒక కోడ్ ఇచ్చారు. పాత పుస్తకాలను డిజిటైజ్ చేసేవాళ్లకు అది కావాలి. ఒక విద్యార్థిని దాన్ని మా పదాలు విడగొట్టే కోడ్‌లో చేర్చి పంపింది. ఆమె ల్యాప్‌టాప్‌లో పైథాన్ 3.12 ఉంది, అన్ని టెస్టులూ పాసయ్యాయి. బాట్ మాత్రం 3.10 దగ్గర ఎర్ర గుర్తు పెట్టింది. పైథాన్ 3.10 లోపల ఉండే యూనికోడ్ పట్టిక 13వ వెర్షన్‌ది. అందులో ఈ అక్షరమే లేదు, 'ఇది అక్షరమేనా' అని అడిగితే కాదంటుంది. 3.11 నుంచి అవునంటుంది. ఉబుంటు 22.04తో వచ్చేది 3.10 కాబట్టి ఇది ఊరికే పక్కన పెట్టే విషయం కాదు, మా కంట్రిబ్యూటర్లు చదివే కాలేజీల ల్యాబ్‌లలో చాలాచోట్ల నడుస్తున్నది అదే. ఆమె ఆ ఒక్క అక్షరాన్ని విడిగా గుర్తించే రెండు లైన్లు రాసింది, పని అయిపోయింది. ఈ మొత్తం వ్యవహారం మేమెవరం ఆ కోడ్ తెరిచి చూడకముందే ముగిసింది.

ఇక మాటతీరు సంగతి. మొదట్లో మా బాట్ ఎర్ర గుర్తు పెట్టి వందల లైన్ల లాగ్‌కు (టెస్టులు నడిచిన చిట్టాకు) లింకు ఇచ్చి ఊరుకునేది. కొత్తవాళ్లు దాన్ని చూసి మాయమైపోయేవాళ్లు, లేదా ఆ పుల్ రిక్వెస్ట్ మూసేసి కొత్తది తెరిచేవాళ్లు. అదీ ఫెయిలైతే ఇంకోటి. ఒకసారి గచ్చిబౌలిలో జరిగిన ఒక వర్క్‌షాప్‌లో నా పక్కన కూర్చున్న కుర్రాడు స్క్రీన్ చూపించి, "అక్కా, రెడ్ వచ్చింది. ఇది క్లోజ్ చేసి మళ్ల కొత్తది పెట్టాల్నా?" అని అడిగాడు. "వద్దు తమ్ముడూ, అదే బ్రాంచ్‌లో మార్చి పుష్ చెయ్యి, అదే మళ్లీ చూస్తది" అన్నాను. బ్రాంచ్ అంటే ఆ మార్పులున్న కోడ్ కాపీ, పుష్ అంటే దాన్ని గిట్‌హబ్‌కు పంపడం. అతని ముఖంలో అప్పటిదాకా ఉన్న టెన్షన్ పోయింది. ఈ ఒక్క వాక్యం మాకు తెలిసిందే, వాళ్లకు ఎవరూ చెప్పలేదు. అప్పటినుంచి బాట్ తెలుగులో కామెంట్ పెడుతుంది:

"మీ మార్పు అందింది, ధన్యవాదాలు. లినక్స్‌లో, మ్యాక్‌లో అన్ని టెస్టులూ పాసయ్యాయి. విండోస్‌లో ఒకటి ఫెయిలైంది. ఫైలు తెరిచే చోట ఎన్‌కోడింగ్ చెప్పకపోవడం కారణం కావచ్చు, అక్కడ యూటీఎఫ్-8 అని చేర్చి చూడండి. ఈ పుల్ రిక్వెస్ట్ మూసేయాల్సిన పని లేదు. ఇదే బ్రాంచ్‌లో సరిచేసి పుష్ చేస్తే నేను మళ్లీ పరీక్షిస్తాను."

ఇందులో మాయేమీ లేదు. తరచూ వచ్చే ఎర్రర్లను ఒక జాబితాగా రాసుకుని, ఒక్కోదానికి ఒక్కో వాక్యం జత చేశాం. జాబితాలో లేని ఎర్రర్ వస్తే లాగ్‌లోని చివరి కొన్ని లైన్లు ఇచ్చి, 'ఇది మాకూ కొత్తే, మాలో ఒకరు చూస్తారు' అని చెబుతుంది. ఇంకో జాగ్రత్త కూడా తీసుకున్నాం. పుష్ చేసిన ప్రతిసారీ కొత్త కామెంట్ వస్తే అందరి మెయిల్ నిండిపోతుంది. అందుకని బాట్ తన పాత కామెంట్‌నే దిద్దుకుంటుంది. తెలుగు కామెంట్లు మొదలుపెట్టాక, మొదటిసారి ఫెయిలైనవాళ్లు సరిచేసి తిరిగి రావడం నా కళ్లతో చూస్తున్నాను. నాకు ఈ మొత్తంలో అన్నిటికంటే తృప్తినిచ్చేది ఇదే.

బాట్ కామెంట్ పెట్టాలంటే దానికి రాసే అనుమతి కావాలి. కొత్తగా పెట్టుకునేవాళ్లు అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది ఇక్కడే. వేరేవాళ్ల ఫోర్క్ (మన రిపోజిటరీకి వాళ్లు తీసుకున్న కాపీ) నుంచి వచ్చిన పుల్ రిక్వెస్ట్‌ను మామూలు పద్ధతిలో పరీక్షిస్తే, గిట్‌హబ్ చదివే అనుమతి మాత్రమే ఉన్న టోకెన్ (తాళం లాంటి కోడ్) ఇస్తుంది, మన రహస్యాలేవీ దానికి కనపడవు. అలా అయితే బాట్ కామెంట్ పెట్టలేదు. అప్పుడు చాలామంది 'పుల్ రిక్వెస్ట్ టార్గెట్' అనే ఇంకో ట్రిగ్గర్‌కు (పనిని మొదలుపెట్టే సంకేతానికి) మారతారు. అది మన రిపోజిటరీ అనుమతులతో నడుస్తుంది. దాని లోపల ఆ కొత్త మనిషి కోడ్‌ను తెచ్చి నడిపితే మన టోకెన్, పాస్‌వర్డులు అన్నీ ఆ కోడ్ చేతికి వెళ్లిపోతాయి. పార్సిల్ తెచ్చిన మనిషి దగ్గర గుమ్మంలో అందుకోవడం వేరు, బీరువా తాళాలిచ్చి లోపల పెట్టి వెళ్లమనడం వేరు.

మేం పనిని రెండు వర్క్‌ఫ్లోలుగా (వరుసగా నడిచే పనుల జాబితాలుగా) విడగొట్టాం. మొదటిది రాసే అనుమతి లేకుండా టెస్టులు నడిపి, ఫలితాన్ని ఒక ఫైల్లో పెట్టి వెళ్లిపోతుంది. రెండోది అది ముగిశాక లేచి, ఆ ఫలితాన్ని చదివి కామెంట్ పెడుతుంది. రెండోదానికి రాసే అనుమతి ఉంటుంది, కానీ బయటివాళ్ల కోడ్ ఒక్క లైను కూడా అందులో నడవదు. ఆ ఫలితం ఫైలు బయటి కోడ్ నడిచిన చోట తయారైంది కాబట్టి దాన్నీ గుడ్డిగా నమ్మం. అందులోంచి నంబర్లు, టెస్టు పేర్లు మాత్రమే సరిచూసి తీసుకుంటాం. కాస్త చుట్టు తిరుగుడు పద్ధతే, అయినా ఇంతకంటే దగ్గరిదారి నేను ఎవరికీ చెప్పను.

ఇదే కారణంతో ఇంట్లో ఉన్న పాత డెస్క్‌టాప్‌ను రన్నర్‌గా పెట్టే ఆలోచన కూడా మానుకున్నాం. పబ్లిక్ రిపోజిటరీలకు సొంత రన్నర్ పెట్టుకోవద్దని గిట్‌హబ్ డాక్యుమెంటేషనే హెచ్చరిస్తుంది. ఎవరో పంపిన కోడ్ నా ఇంటి నెట్‌వర్క్‌లో నడవడం నాకు ఇష్టం లేదు. ఇతరులు రాసిన యాక్షన్లను (వర్క్‌ఫ్లోలో వాడుకునే రెడీమేడ్ కోడ్‌ను) వాడేటప్పుడు కూడా వెర్షన్ ట్యాగ్ (వెర్షన్‌కు పెట్టిన పేరు) రాయం, పూర్తి కమిట్ హ్యాష్ (ఆ కోడ్‌కే చెందే మారని గుర్తింపు సంఖ్య) రాస్తాం. 2025 మార్చిలో టీజే-యాక్షన్స్ అనే ఖాతాలోని ఒక యాక్షన్‌పై దాడి జరిగింది. దాడి చేసినవాళ్లు పాత వెర్షన్ ట్యాగులను తమ కోడ్ వైపు తిప్పేశారు. 23,000కు పైగా రిపోజిటరీలు వాడుతున్న యాక్షన్ అది. రన్నర్ మెమరీలోని రహస్యాలు లాగుల్లోకి వచ్చి పడ్డాయి. హ్యాష్ రాసుకుంటే ట్యాగ్ ఎటు తిరిగినా మనం నడిపే కోడ్ మారదు.

మొదటిసారి కోడ్ పంపేవాళ్ల టెస్టులు మెయింటెయినర్ (ప్రాజెక్టు నడిపే మనిషి) అనుమతిస్తేనే నడుస్తాయన్న నియమం గిట్‌హబ్‌లో 2021 నుంచి ఉంది. ఉచిత రన్నర్లను క్రిప్టో మైనింగ్‌కు వాడేసుకునేవాళ్లు ఎక్కువవడంతో అది పెట్టారు. మంచి నియమమే. కానీ కొత్త విద్యార్థికి మొదటి రోజే బాట్ నోరు విప్పదు, ఆ మౌనాన్ని వాళ్లు తిరస్కారం అనుకుంటారు. దీనికి మేం చేసింది ఒకటే, మాలో ఒకరు వంతులవారీగా రోజూ చూస్తారు. నా వంతు వచ్చినప్పుడు మెట్రోలో రాయదుర్గం నుంచి అమీర్‌పేట వచ్చేలోపే ఫోన్లో అయిపోతుంది. వర్క్‌ఫ్లో ఫైళ్లనూ, సెటప్ ఫైలునూ ఎవరైనా ముట్టుకున్నారేమో చూసుకుని అనుమతిస్తాను. ముట్టుకుంటే ఇంటికి వెళ్లి కంప్యూటర్ మీద పూర్తిగా చదువుతాను.

ఒకసారి పాసై, ఒకసారి ఫెయిలయ్యే టెస్టులు బాట్ పరువు తీస్తాయి. 'అది అంతేలే, మళ్లీ నడుపు' అనే మాట అలవాటైతే నిజమైన తప్పును కూడా అలాగే దాటేస్తాం. మా దగ్గర అలాంటిది ఒకటి చాన్నాళ్లు సతాయించింది. ఈరోజు వారం పేరును తెలుగులో చెప్పే ఫంక్షన్ టెస్టు అది. పగలు ఎప్పుడు నడిపినా పాస్, అర్ధరాత్రి దాటాక పుష్ చేస్తే ఫెయిల్. రన్నర్ల గడియారం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటుంది. మనకు మంగళవారం వచ్చేసినా తెల్లారి అయిదున్నర దాకా అక్కడ సోమవారమే. మన పిల్లలు కోడ్ రాసేది సరిగ్గా ఆ వేళలోనే. టెస్టుకు ఒక స్థిరమైన తేదీ ఇచ్చాక గొడవ వదిలింది. నెట్ నుంచి పదాల జాబితా తెచ్చుకునే టెస్టులను కూడా తీసేసి, ఆ జాబితాను ఫైలుగా రిపోజిటరీలోనే పెట్టాం.

ఒకరే వెంటవెంటనే పుష్ చేస్తే పాత రన్‌ను ఆపేసి కొత్తది మాత్రమే నడిపే సెట్టింగు తప్పక పెట్టుకోండి. డాక్యుమెంటేషన్ మాత్రమే మారినప్పుడు టెస్టులు వద్దనుకుంటే ఒక చిక్కుంది. వర్క్‌ఫ్లో మొత్తాన్ని ఫైలు పేర్ల ఫిల్టర్‌తో ఆపితే, తప్పనిసరి అని పెట్టిన చెక్ 'పెండింగ్'లోనే ఉండిపోయి ఆ మార్పును మెర్జ్ కానివ్వదు, అంటే మన కోడ్‌లో కలవనివ్వదు. జాబ్ (వర్క్‌ఫ్లోలోని ఒక్కో పని) స్థాయిలో షరతు రాస్తే దాటేసిన జాబ్ పాస్ కింద లెక్కకు వస్తుంది. రాత్రిపూట నడిచే షెడ్యూల్ టెస్టులు పబ్లిక్ రిపోజిటరీలో 60 రోజులు ఏ కదలికా లేకపోతే వాటంతటవే ఆగిపోతాయి. పరీక్షల సెలవుల్లో మా రిపోజిటరీ నిద్రపోతుంది కాబట్టి నేను గుర్తుపెట్టుకుని చూస్తాను.

బాట్ చేయలేని పని గురించి కూడా చెప్పాలి. ఒకరు అచ్చుతప్పుల నియమాలు చేర్చి పంపారు. టెస్టులన్నీ ఆకుపచ్చ. కోడ్ కూడా శుభ్రంగా ఉంది. మా రివ్యూయర్లలో నల్లగొండ అమ్మాయి ఒకరు దాన్ని చదివి ఆపేసింది. 'వస్తడు', 'చేస్తున్నడు' లాంటి రూపాలన్నిటినీ ఆ నియమాలు తప్పులుగా చూపిస్తున్నాయి. ఇక్కడి కోట్లమంది నోట పలికే, కథల్లో, పాటల్లో రాసే తెలుగును మా టూల్ ఎర్రగీత కింద పెట్టేసేది. బాట్‌కు ఆ సంగతి తెలియదు, ఎందుకంటే మా టెస్టు వాక్యాల్లో ఒక్క తెలంగాణ మాట కూడా లేదు. ఆ వారమే కూర్చుని తెలంగాణ, రాయలసీమ, ఉత్తరాంధ్ర వాక్యాలను టెస్టుల్లోకి చేర్చాం. ఇప్పుడు ఎవరైనా ఆ రూపాలను తప్పంటే బాటే ఆపుతుంది. బాట్‌ను పెట్టాలా వద్దా అని అడిగేవాళ్లకు నేను ముందు టెస్టుల్లో ఏం రాశారో చూపించమంటాను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు లినక్స్, విండోస్ రెండే పెట్టుకున్నా చాలు. కామెంట్ పెట్టే వర్క్‌ఫ్లో తర్వాత చేర్చుకోవచ్చు, అప్పటిదాకా కంట్రిబ్యూటింగ్ ఫైల్లో (కోడ్ పంపేవాళ్లకు సూచనలుండే ఫైల్లో) 'ఎర్ర గుర్తు వస్తే ఇలా చేయండి' అని తెలుగులో నాలుగు లైన్లు రాయండి. మేం మాత్రం పైథాన్ 3.10ను ఇప్పట్లో తీసేయం. దానికి భద్రతా సవరణలు 2026 అక్టోబరుతో ఆగిపోతాయి, కాలేజీ ల్యాబ్‌లు అంత త్వరగా మారవు.