పడవలో నీళ్లు తోడే పంపు: కొన్ని సీజన్లు వాడాక తేలిందేమిటంటే

ముందే చెప్పేస్తాను. పంపు మంచిదే. దానితో పాటు డబ్బాలో వచ్చిన ఫ్లోట్ స్విచ్ (నీటి మీద తేలుతూ పంపును దానంతట అదే ఆన్ చేసేది) దండగ. ఇక ఈ పంపుల మీద మా రేవులో వినిపించే తిట్లలో చాలావరకు నిజానికి వైరు జాయింట్లకూ పైపుకూ తగలాల్సినవి.

మాది బాహుదా మొగ దగ్గర, అంటే ఆ నది సముద్రంలో కలిసే చోట, సోనాపూర్ పక్క. ఒడిశా గంజాం జిల్లా. సరిహద్దు దాటితే ఇచ్ఛాపురం. ఇళ్లలో తెలుగు, బజారులో ఒడియా. పడవ ముప్పై అడుగుల లోపు ఫైబర్ పడవ. హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేసే డీజిల్ ఇంజను, దానికి డైనమో లేదు. ఈ డైనమో లేకపోవడం గుర్తుపెట్టుకుని మిగతాది చదవండి. లైటుకూ జీపీఎస్‌కూ పంపుకూ కలిపి ఉన్నది ఒక్కటే బ్యాటరీ, 12 వోల్టులు, 35 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు). దాన్ని ఇంటికి మోసుకొచ్చి చార్జింగ్ పెట్టాలి, మళ్లీ మోసుకెళ్లాలి.

పంపు నీళ్లలో మునిగి ఉండే రకం, డబ్బా మీద 1100 జీపీహెచ్ అని రాసి ఉంటుంది. గంటకు అన్ని అమెరికన్ గ్యాలన్లు అని అర్థం. లీటర్లలో చూస్తే 4,160 దాకా వస్తుంది. ఆ లెక్క పైపు లేకుండా, నీటిని పైకి ఎత్తే పని లేకుండా, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు. పడవలో అడుగు నుంచి అంచు మీదికి మీటరు ఎత్తు ఎక్కించాలి. మా పడవలో 20 లీటర్ల బకెట్ నిండటానికి అర నిమిషం అటూ ఇటూ పడుతుంది. అంటే గంటకు 2,400 లీటర్లు. చిన్న పడవకు ఇది చాలు. 500 జీపీహెచ్ పంపు చవకగా వస్తుంది కానీ మొగ దాటేటప్పుడు ఒక కెరటం లోపల పడితే దానితో చాలాసేపు చూస్తూ కూర్చోవాలి.

అలాగని పంపు ఉంది కదా అని ధీమా వద్దు. నీటిమట్టానికి 30 సెంటీమీటర్ల కింద ఒక అంగుళం రంధ్రం పడితే గంటకు రెండున్నర వేల లీటర్లకు పైగానే నీరు లోపలికి వస్తుంది. అంటే మా పంపు ఆపకుండా తోడినా నీటిమట్టం తగ్గదు. వాన నీటికీ, కెరటాల జల్లుకూ, ఐసు కరిగిన నీటికీ పంపు. దెబ్బ తగిలిన పడవకు గుడ్డ కుక్కడం, కోసిన డీజిల్ క్యానుతో ఇద్దరు మనుషులు తోడడం, ఒడ్డు వైపు తిప్పడం. ఆ కోసిన క్యాను మా పడవలోంచి ఎప్పుడూ తీయలేదు.

కొనేటప్పుడు ఒక మాట. బరంపురం బజారులో పాణీ మోటర్ అని అడిగితే కూలర్ పంపు చూపిస్తారు. చూడటానికి దాదాపు ఇలాగే ఉంటుంది, కాకపోతే అది ఇంటి కరెంటు మీద నడిచేది. పడవకు పనికిరాదు. 12 వోల్టులు, డీసీ అని డబ్బా మీద చూసుకోండి. వైర్లు, ఫ్యూజులు, థింబుల్స్ (వైరు చివర నొక్కే లోహపు తొడుగులు) కోసం ఇంటి కరెంటు సామాన్ల షాపు కంటే లారీలకు, ఆటోలకు వైరింగ్ చేసే షాపు మేలు. అక్కడివాళ్లకు 12 వోల్టుల కష్టాలు తెలుసు.

ఇప్పుడు ఫ్లోట్ సంగతి. నీరు పెరిగితే తేలి పంపును ఆన్ చేయడం, తగ్గితే దిగి ఆపడం దాని పని. కొత్తలో బాగానే చేసింది. మన పడవ అడుగున ఉండేది ఒట్టి నీరు కాదు కదా. చేపల రక్తం, పొలుసులు, డీజిల్ జిడ్డు, ఐసు పెట్టె నుంచి రాలిన థర్మాకోల్ ముక్కలు. ఇవన్నీ కలిసి ఫ్లోట్ కీలు దగ్గర పేరుకుంటాయి. ఒకసారి అది పైకి లేచి అలాగే ఇరుక్కుపోయింది. పంపు రాత్రంతా ఎండుగా తిరిగి బ్యాటరీని తినేసింది. పొద్దున వేటకు లైటు లేదు. కింద ఇరుక్కుంటే ఇంకా ప్రమాదం, నీరు నిండుతున్నా పంపు లేవదు. అందుకని వేటకు వెళ్లే ముందు వేలితో ఫ్లోట్‌ను పైకెత్తి పంపు శబ్దం వినడం పడవ నడిపించే మా తండేలుకు అలవాటైంది. పాడైన దాని స్థానంలో, కీలు బయటికి కనిపించకుండా చుట్టూ జాలీ ఉన్న ఫ్లోట్ వేశాం. ఇది నయం. థర్మాకోల్ జాలీ దగ్గరే ఆగిపోతుంది.

ఫ్లోట్ బాగున్నా బ్యాటరీ దిగిపోయే ఇంకో దారి ఉంది, దీన్ని పట్టుకోవడానికి మాకు చాలా కాలం పట్టింది. పంపు ఆగగానే పైపులో ఉన్న నీరంతా వెనక్కి పడవలోకి జారుతుంది. లోపలి వ్యాసం 29 మిల్లీమీటర్లు ఉన్న రెండు మీటర్ల పైపులో 1.3 లీటర్ల నీరు పడుతుంది. పడవ అడుగు సన్నగా ఉండే చోట ఆ కాస్త నీరే ఫ్లోట్‌ను మళ్లీ లేపుతుంది. పంపు ఆన్, నీరు బయటికి, పంపు ఆఫ్, నీరు లోపలికి. తెల్లవార్లూ అదే పని. వాన లేకపోయినా, పడవ కారకపోయినా పొద్దున బ్యాటరీ ఖాళీ.

దీనికి షాపువాళ్లు చెప్పే మందు, పైపులో నీరు వెనక్కి రాకుండా ఒక వాల్వు. పెట్టకండి. ఈ పంపులు గాలిని లాగలేవు. వాల్వు పైన నీరు నిలిచి, కింద గాలి చిక్కుకుంటే పంపు ఎంత తిరిగినా ఆ మూత తెరుచుకోదు. పైగా ఒక్క పొలుసు అడ్డం పడితే వాల్వు పని అయిపోయినట్టే. మేము చేసింది ఇంతే. ఫ్లోట్‌ను పంపు అడుగు కంటే రెండు వేళ్ల ఎత్తులో బిగించాం, పైపును ఎంత కురచ చేయగలమో అంత కురచ చేశాం. ఆ రెండు వేళ్ల ఎత్తు వల్ల అడుగున కాస్త నీరు ఎప్పుడూ మిగిలిపోతుంది. దాన్ని గుడ్డతో తీసుకోవచ్చు.

పైపు విషయంలో ఇంకో రెండు సంగతులు. లోపల గట్లు గట్లుగా ఉన్న మడత పైపు వంచడానికి సులువు, నీటికి మాత్రం అడ్డు. లోపల నున్నగా ఉన్నది వేయండి. పైపు పంపు దగ్గర నుంచి ఒకే తీరుగా పైకి ఎక్కుతూ పోవాలి. మధ్యలో ఎక్కడైనా కిందికి వేలాడితే అక్కడ నీరు నిలుస్తుంది, దాని వెనక గాలి చిక్కుకుంటుంది. బయటికి వచ్చే చివర, చేపలతో పడవ బరువెక్కినప్పుడు కూడా నీటికి పైనే ఉండాలి. లేదంటే సముద్రం ఆ దారినే లోపలికి వస్తుంది.

పంపును అడుగున బిగించడానికి పడవ ఫైబర్‌లోకే స్క్రూలు దింపేవాళ్లను చూశాను. పడవకు మనమే చిల్లు పెట్టుకోవడం అది. ఒక చెక్క ముక్కకు రెజిన్ పూసి, దాన్ని అడుగుకు ఫైబర్ మ్యాటుతో అతికించి, ఆరాక ఆ చెక్కకు మాత్రమే స్క్రూలు వేయాలి. స్క్రూ పొడవు చెక్క మందం దాటకూడదు.

ఇప్పుడు వైర్లు. ఉప్పు నీటిలో మెలితిప్పి టేపు చుట్టిన జాయింటు ఒక్క సీజన్ దాటదు. పైకి టేపు బాగానే కనిపిస్తుంది. విప్పి చూస్తే రాగి పోగులు పచ్చగానో నల్లగానో ఉంటాయి. ఆ నలుపు వైరు లోపల్లోపలే జానెడు దూరం పాకి ఉంటుంది, అంతవరకూ కోసి పారేయాల్సిందే. మేము థింబుల్ నొక్కి, దాని మీద హీట్ ష్రింక్ గొట్టం (వేడికి ముడుచుకునేది, లోపల జిగురు ఉండే రకం) తొడిగి, వేడి చేస్తాం. చివర్ల నుంచి జిగురు కొద్దిగా బయటికి వస్తే జాయింటు మూసుకున్నట్టు. జాయింటు ఎప్పుడూ పడవ అంచు దగ్గర పొడిగా ఉండే చోటే. తగరం పూత ఉన్న రాగి వైరు దొరికితే ఇంకా మంచిది. మందం 2.5 చదరపు మిల్లీమీటర్లు. అయిదు మీటర్ల దూరానికి 1 చదరపు మిల్లీమీటరు వైరు వేస్తే పంపు తీసుకునే నాలుగు ఆంపియర్లకు దారిలోనే ముప్పావు వోల్టు పోతుంది, 2.5 వేస్తే పోయేది 0.3. బ్యాటరీ ప్లస్ దగ్గరే ఫ్యూజు తప్పనిసరి. ఎన్ని ఆంపియర్లదో పంపుతో వచ్చిన కాగితంలో ఉంటుంది. ఇంపెల్లర్‌లో, అంటే పంపులో నీటిని తోసే చక్రంలో, వల దారం బిగుసుకున్న రోజున పంపు మామూలు కంటే చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది. అప్పుడు ఫ్యూజు పోవాలి, వైరు కాలకూడదు.

పంపు ఆగిపోయిందని చాలామంది ముందు పంపునే విప్పుతారు. నేను 21 వాట్ల బండి ఇండికేటర్ బల్బు ఒకటి రెండు వైర్లతో దగ్గర పెట్టుకుంటాను. పంపు చివర వైర్లకు దాన్ని తగిలిస్తే కాంతి చూసి తెలిసిపోతుంది. మల్టీమీటర్ ఇక్కడ మోసం చేస్తుంది. పాచిపట్టిన వైరులో ఒక్క పోగు మిగిలినా మీటరు 12 చూపిస్తుంది, పంపు తగిలించగానే అది పడిపోతుంది. బల్బు నిండుగా వెలిగితేనే తప్పు పంపులో ఉన్నట్టు.

శబ్దం కూడా చాలా చెబుతుంది. గుంయ్‌మని మూలుగుతూ కదలకపోతే ఏదో ఇరుక్కుంది. మామూలు కంటే వేగంగా, తేలికగా తిరుగుతుంటే లోపల గాలి ఉంది. మంచిగా తిరుగుతూ నీరు సన్నగా వస్తే వైర్లు తారుమారయ్యాయేమో చూడండి. పక్క పడవ కుర్రాడు ఒక రోజు వచ్చి, "ఏటి బావా, కొత్త మోటారు, తిరగడం తిరుగుతోంది, నీళ్లు మాత్రం ఏడుస్తున్నట్టు వస్తన్నాయి" అన్నాడు. పంపుకు వచ్చే వైర్లలో ఎరుపు లేదు, ఒకటి గోధుమ రంగు, ఒకటి నలుపు. గోధుమ రంగు ప్లస్. తిప్పి కలిపితే ఇంపెల్లర్ వెనక్కి తిరుగుతుంది, అయినా కొంత నీరు వస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

శుభ్రం చేయడం కష్టం కాదు. పక్కన ఉన్న రెండు నొక్కులు నొక్కి తిప్పితే మోటారు పంపు అడుగు జాలీ నుంచి ఊడి వస్తుంది. ఇంపెల్లర్ వెనక చూడండి. తెగిన నైలాన్ దారం ఒక్క పోగు జాలీ సందుల్లోంచి దూరి షాఫ్టు చుట్టూ చుట్టుకుంటుంది. అది మెల్లగా రబ్బరు సీలును కోసేస్తుంది, ఆ తర్వాత నీరు మోటారులోకి పోతుంది. మొగలో ఇసుక కూడా అదే పని చేస్తుంది, కాస్త నిదానంగా. దారం సన్నటి కొక్కేంతో తీయండి, కత్తితో గీకకండి, గీత పడితే సీలు అక్కడే కారుతుంది. వేలితో ఇంపెల్లర్ తిప్పితే ఆగి ఆగి కదలాలి, లోపలి అయస్కాంతం వల్ల అలా ఉంటుంది. అది మంచి లక్షణమే. గరగరమంటే ఇసుక. చివర మంచినీళ్లలో పెట్టి ఒక నిమిషం నడపండి. మోటారులోకి నీరు పోతే బాగుచేయించే ఆశ వదులుకోండి. అది మూసేసి వచ్చిన మోటారు, కోసి తెరిచాక మళ్లీ నీరు ఆగేలా మూయడం ఏ మెకానిక్ వల్లా కాదు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధంలో పడవ ఒడ్డున ఉంటుంది కాబట్టి ఈ పనులన్నీ అప్పుడే. బ్యాటరీ ఇంటికి, పంపు విప్పి కడిగి నీడకు. పైపు కూడా తీసేయాలి, ఎండకు గట్టిపడి పగులుతుంది. అక్టోబరులో మాత్రం మా లెక్క వేరు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు దాటింది. తుఫాను కబురు వస్తే పడవను దూరంగా లాగి, అడుగు బిరడా తీసి వాన నీరు దానంతట అదే పోయేలా వదిలేస్తాం. ఆటోమేటిక్ పంపును నమ్ముకుని నీళ్లలో కట్టేసి ఉంచడం ఆ గాలికి సరిపోదు.

మామూలు వానకు మాత్రం ఈ పంపు దొడ్డది. పది సెంటీమీటర్ల వాన పడితే పన్నెండు చదరపు మీటర్ల మేర నోరు తెరిచి ఉన్న పడవలో 1,200 లీటర్లు చేరతాయి. పంపుకు అరగంట పని, బ్యాటరీలో రెండు ఏహెచ్ ఖర్చు. అంత చిన్న ఖర్చుకు బ్యాటరీ ఎందుకు దిగిపోతోందని అడిగితే జవాబు పైన చెప్పిన వెనక్కి జారే నీరే.

ఇంకొకటి. ఇంజను కింద డీజిల్ కారిన రోజు పంపు స్విచ్ ఆఫ్‌లో ఉంచి, పాత బనియన్లతో జిడ్డు పీల్చి తీసి ఒడ్డుకు తెచ్చుకోండి. పంపుతో తోడితే ఆ నూనె అంతా మనం వల వేసే నీళ్లలోకే పోతుంది.

ఈ పంపు పోతే మళ్లీ 1100 సైజే కొంటాను. సెట్టుగా కాకుండా పంపు ఒకటి, జాలీ ఉన్న ఫ్లోట్ ఒకటి విడివిడిగా. ఆటో, ఆఫ్, మాన్యువల్ అని మూడు నిలుపులున్న స్విచ్ కూడా తీసుకోండి. ఫ్లోట్ పోయినా చేత్తో ఆన్ చేసుకోవచ్చు. రెండు ఫ్యూజులు, ఒక జానెడు హీట్ ష్రింక్ గొట్టం, ఆ బల్బు ఒక ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత బిగించి ముందు అరలో పెట్టండి.