కడపలో వియత్నాం హోటల్, ఫో కోసమైతే పోండి

ఫో తినాలంటే ఇన్నాళ్లూ బెంగళూరో హైదరాబాదో పోవాల్సి వచ్చేది, ఇప్పుడు మన కడపలోనే చిన్న వియత్నాం హోటల్ పెట్టినారు. పోయిన ఆదివారం రాత్రి మా ఆమె, మా బావమరిది, నేను పోయినాం. ఫో కోసమైతే కచ్చితంగా పోండి, మిగతావి కొంచెం చూసుకుని ఆర్డర్ పెట్టండి.

ఫో అంటే బియ్యప్పిండి నూడుల్స్ వేసిన సూపు. వాళ్ల దేశంలో బీఫ్‌తో చేసేది ఎక్కువ ఫేమస్, ఇక్కడ చికెన్‌ది ఒక్కటే ఉంది, 240 రూపాయలు. దీంట్లో పనంతా సూపులోనే ఉంటాది. ఎముకలు సన్న మంట మీద గంటల తరబడి ఉడకాల, ఎర్రగడ్డ, అల్లం నేరుగా మంట మీద నల్లగా కాల్చి వేయాల, అనాసపువ్వు, చెక్క, లవంగాలు, ధనియాలు వేయించి వేయాల, పైకొచ్చే తెట్టు ఎప్పటికప్పుడు తీసేస్తా ఉండాల, లేకపోతే సూపు మసకబారతాది. మసాలా చూస్తే మన బిర్యానీలో పడేవే, కానీ మన పాయ మాదిరి చిక్కగా, కారంగా ఉండదు. ఇక్కడ గిన్నె అడుగు కనపడేంత తేటగా ఇచ్చినారు, ఒక స్పూన్ తాగేసరికి ముందు కోడి రుచి, తర్వాత ఆ కాల్చిన అల్లం వాసన, చివర్లో అనాసపువ్వు తీపి. పౌడర్ కలిపి చేస్తే ఇది రాదు.

వెయిటర్ పిల్లోడు వచ్చి "అన్నా, మనోళ్లకు చప్పగా ఉంటాదని కొంచెం ఎర్రకారం వేసిస్తాం, వేయమంటారా?" అని అడుగుతాడు. దయచేసి వద్దని చెప్పండి. అంత కష్టపడి చేసిన సూపు మీద కారం కుమ్మరిస్తే ఇంక దేనికి తినేది? కారం కావాల్నంటే పక్కన ప్లేట్లో పచ్చిమిరప ముక్కలు పెడతారు, సగం తిన్నాక వేసుకోండి. ఆ ప్లేట్లోనే పెసర మొలకలు, నిమ్మకాయ, పుదీన, ఇంకా సోంపు వాసన వచ్చే ఒక ఆకు ఉంటాది, సబ్జా గింజలు వస్తాయే ఆ చెట్టు జాతిదే. మన మార్కెట్లో దొరకదని ఓనరు కుండీల్లో పెంచుతా ఉన్నాడంట. ఆకులు తుంచి వేడి సూపులో వేసుకోండి, ప్లేట్లో వదిలేయొద్దు. వియత్నాంలో ఉత్తరాన హనోయ్ వైపు ఇవి తక్కువే వాడతారు, దక్షిణాన సైగాన్ వైపే ఇట్ల దండిగా వేసుకునేది.

ఫిష్ సాస్ గురించి ఒక మాట. నెత్తళ్లు, ఉప్పు కలిపి నెలల తరబడి ఊరబెట్టి తీస్తారు, సీసా మూత తీస్తే మా ఆమె ముక్కు మూసుకునింది. అదే సాస్‌లో నిమ్మరసం, చక్కెర, తెల్లగడ్డ, మిరపకాయ కలిపి ఇస్తే మొత్తం ఆమే నాకేసింది.

రొయ్యల రోల్స్ మాత్రం నచ్చలేదు. పల్చటి బియ్యం షీటు తడిపి అప్పటికప్పుడు చుట్టి ఇయ్యాల, వీళ్లు ముందే చుట్టి ఫ్రిజ్‌లో పెట్టినట్టున్నారు, పైన ఎండిపోయి సాగతా ఉంది. దాంతో ఇచ్చిన శెనక్కాయల సాస్ కమ్మగా ఉంది, శెనక్కాయలు మన సీమవి కదా మరి. బాన్ మీ అనే వాళ్ల శాండ్‌విచ్ అసలు వద్దు. దాని రొట్టె ఫ్రెంచోళ్లు ఏలినప్పుడు అలవాటైంది, పైన కరకరలాడాల, వీళ్లు బేకరీ తియ్య బన్నులో పెట్టిచ్చినారు, మా బావమరిది సగంలో వదిలేసినాడు.

కాఫీ తాగకుండా రావద్దు. గ్లాసు మీద చిన్న స్టీలు ఫిల్టర్ పెట్టి ఇస్తారు, డికాక్షన్ చుక్కచుక్కగా కింద ఉన్న మిల్క్‌మెయిడ్‌లోకి దిగతా ఉంటాది, తొందరపెట్టకండి, దిగినాక బాగా కలిపి ఐసు మీద పోసుకోండి. రోబస్టా రకం కాఫీ గింజలు కాబట్టి చేదు గట్టిగా ఉంటాది, ఆ చేదుకు ఆ తీపి ఉండాల్సిందే. ప్రపంచంలో బ్రెజిల్ తర్వాత ఎక్కువ కాఫీ పండేది వియత్నాంలోనే, ఇది తాగితే నమ్మబుద్ధేస్తాది. 90 రూపాయలు.

ఏసీ అంతంతమాత్రం, టేబుళ్లు తక్కువ. ఎనిమిదిన్నర లోపలే పోండి, తొమ్మిదికి మా పక్క టేబుల్ వాళ్లకు సూపు అయిపోయిందని చెప్పేసినారు. నీళ్లు కలిపి ఇంకో నాలుగు గిన్నెలు అమ్ముకోవచ్చు, అమ్మలేదు, అందుకే నేను మళ్లీ పోతా.