ఏసీకి ఇనుప బాక్సు: కొన్ని బెజవాడ ఎండాకాలాల తర్వాత

గోడకున్న పవర్ ప్లగ్గు చాలదా, ఏసీకి మళ్లీ విడిగా సాకెట్టూ, ఎంసీబీ (కరెంటు హద్దు మీరితే తనంతట తానే ఆపేసే స్విచ్చు) ఉన్న ఈ ఇనుప బాక్సు దేనికి అని మా అపార్టుమెంటులో చాలామంది అడుగుతుంటారు. చాలుతుందనే అనిపిస్తుంది, మే నెల వచ్చేదాకా.

లెక్క ప్రకారం ఒకటిన్నర టన్నుల ఏసీ లాగేది ఏడెనిమిది ఆంపియర్లే. 16 ఆంపియర్ల సాకెట్ తట్టుకోవాలి. కానీ ఎండ 45 డిగ్రీలు తాకే రోజుల్లో కంప్రెసర్‌కు రాత్రంతా ఊపిరి సలపదు. సాయంత్రం వోల్టేజి తగ్గిందంటే ఇన్వర్టర్ ఏసీ ఆ లోటు పూడ్చుకోవడానికి ఇంకాస్త కరెంటు లాగుతుంది. పిన్ను పట్టు సడలిన చోట వేడి పుడుతుంది, ఆ వేడికి పట్టు ఇంకా సడలుతుంది. పక్క ఫ్లాటులో ప్లాస్టిక్ కరిగి ప్లగ్గు సాకెట్‌కే అతుక్కుపోయింది.

ఈ బాక్సులో నాకు బాగా నచ్చింది ఆ పట్టే. లావుపాటి ఇత్తడి పిన్నులు. ప్లగ్గు ఊడబెరకాలంటే రెండు చేతులూ కావాలి. లోపల 20 ఆంపియర్ల సీ రకం ఎంసీబీ వేయించాం. కంప్రెసర్ మొదలైన క్షణంలో ఎగిసే కరెంటుకు అది ఊరికే ట్రిప్ కాదు. మెయిన్ బోర్డు నుంచి నేరుగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు లాగించడానికి బాక్సు ధరను మించి ఖర్చయింది. అయినా డబ్బు పెట్టాల్సింది అక్కడే. పాత సన్న వైరు అలాగే ఉంచి పెద్ద ఎంసీబీ బిగిస్తే, వైరు మాడుతున్నా అది కదలదు.

అమ్మేవాళ్లు చెప్పని సంగతి ఒకటుంది. స్క్రూ వదులైతే ఎంసీబీ పసిగట్టలేదు. కరెంటు మామూలుగానే ఉంటుంది, వేడి మాత్రం ఆ ఒక్క చోట కూర్చుంటుంది. ఒక వేసవి చివర బాక్సు విప్పిస్తే న్యూట్రల్ వైరు తొడుగు స్క్రూ దగ్గర గోధుమరంగుకు తిరిగి, గోటితో గిల్లితే పెళుసుగా రాలింది. మెయిన్ ఆపే ఉంది కాబట్టి ఎలక్ట్రీషియన్ ఆ ముక్క కత్తిరించి, కొస కొత్తగా ఒలిచి బిగించాడు. ఇప్పుడు ఏటా మార్చిలో ఏసీ సర్వీసుతో పాటే స్క్రూలూ బిగింపిస్తున్నాం. సర్వీసుకు వచ్చేవాళ్లు తమంతట తాము ఆ బాక్సు జోలికి పోరు, అడిగి చేయించుకోవాలి.

పైన ఉన్నది ఇనుము కాబట్టి ఎర్త్ సరిగా లేని ఇంట్లో ఈ బాక్సే ప్రమాదం. కొనేముందు ఎర్త్ పరీక్ష చేయించండి. గీజరుకూ ఇలాంటిదే తీసుకున్నాం గానీ, షాకు నుంచి కాపాడే పని ఎంసీబీది కాదు. మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు) పెట్టేదాకా గీజరు కనెక్షన్ ఇవ్వనివ్వలేదు.