కాలవ గట్లకి పాత ఇంజనే నయం, భద్రత దగ్గర మాత్రం కొత్తదే

మా కాలవ గట్ల మీద తిరగడానికి పాత తరహా బండి నయమా, టర్బోలు, ఆటోమేటిక్ గేర్లు ఉన్న కొత్తది నయమా అంటే, నా అనుభవం ఇది. నా బండి 2018 మోడల్ మారుతి స్విఫ్ట్, పెట్రోల్ మాన్యువల్. 1197 సీసీ, నాలుగు సిలిండర్లు, టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపేది) లేదు, వాల్వుల్ని వేళకి తెరిచి మూసే టైమింగ్‌కి బెల్టు కాదు, చైను. తిరిగేది భీమవరం, పాలకొల్లు, రాజోలు పక్కలే. హైవే మీద 80-90లో పోతే లీటరుకి 20 దాకా ఇస్తుంది. ఏసీ వేసుకుని గట్ల మీద తిరిగితే 14-15.

ఇన్నేళ్లలో ఇంజన్ విప్పే పని పడలేదు. పదివేలకోసారి ఆయిలు, ఫిల్టరు, నలభై వేలకి ప్లగ్గులు, అంతే. ఇందులో పెట్రోలు ఇన్‌టేక్ వాల్వుల వెనక చిమ్ముతుంది కాబట్టి ఆ వాల్వులు ఎప్పటికప్పుడు కడుక్కుపోతాయి. డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బోల్లో పెట్రోలు నేరుగా సిలిండర్లోకే పోతుంది. వాల్వుల మీద మసి పేరుకుంటే తీయించడం అదనపు ఖర్చు. లాగుడులో మాత్రం టర్బోదే పైచేయి, కాదనలేం. ఐదుగురు ఎక్కి ఏసీ వేశాక రావులపాలెం దగ్గర లారీని దాటాలంటే మూడో గేరుకి దిగాల్సిందే.

గేర్‌బాక్సు సంగతి గోదావరి మీద బళ్లని దాటించే నరసాపురం-సఖినేటిపల్లి పంటు దగ్గర తేలుతుంది. పంటు దిగి రేవు ఎక్కేటప్పుడు ముందు బండి ఆగితే జానెడు జానెడు కదలాలి. మాన్యువల్‌లో హ్యాండ్‌ బ్రేక్ మీద ఆపుకుని ఎక్కించొచ్చు. రెండు క్లచ్‌లతో తనే గేర్లు మార్చుకునే డ్రై డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్ అయితే ఇలా పాకుతూ పోతే వేడెక్కుతుంది. ఏఎంటీ (మాన్యువల్ గేర్‌బాక్సునే యంత్రం మార్చే ఆటోమేటిక్) కొనేవాళ్లు ఎత్తులో బండిని కాసేపు పట్టి ఉంచే హిల్ హోల్డ్ ఉందో లేదో ముందు అడగండి. లేకపోతే బ్రేకు మీంచి కాలు తీయగానే బండి వెనక్కి జారుతుంది.

ఇక్కడ బండిని తినేది గడ్డి. సార్వా, దాళ్వా (ఖరీఫ్, రబీ వరి) కోతలప్పుడు ధాన్యం, గడ్డి రోడ్డు మీదే ఉంటాయి. పరకలు, పురికొస ముక్కలు ఆక్సిల్‌కి చుట్టుకుని దాని జాయింటుని కప్పే రబ్బరు బూటుని కోసేస్తాయి. ముందు చక్రం రిమ్ము లోపలి వైపు నల్లటి గ్రీజు చిమ్మినట్టు కనిపిస్తే బూటు చిరిగినట్టే. అప్పుడే బూటు, గ్రీజు మార్పిస్తే చిన్న ఖర్చుతో పోతుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టకటక మనేదాకా ఆగితే ఆక్సిలే మార్చాల్సి రావచ్చు. సైలెన్సర్ గొట్టం దగ్గర ఇరుక్కున్న గడ్డిని బండి చల్లారాక పీకేయండి. లేకపోతే పొగని శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ వేడికి అది అంటుకోవచ్చు.

చేల పక్కన పెట్టే బండికి ఎలుకలు తప్పవు. కొత్త బళ్లలో రాడార్లు, కెమెరాలు పెరిగేకొద్దీ వాటికి కొరకడానికి వైర్లూ పెరుగుతాయి. ఇక చేపల లారీల నుంచి కారే ఉప్పునీళ్లు తుప్పు పట్టిస్తాయి. వారానికోసారి మడ్‌గార్డుల లోపల, అడుగున మంచినీళ్లు పట్టించండి. వానలో తడిసిన బండికి రాత్రి హ్యాండ్‌ బ్రేక్ వేసి వదిలితే వెనక బ్రేక్ షూలు డ్రమ్ముకి పట్టేస్తాయి. చదునుగా ఉన్నచోట గేరులో పెట్టి చక్రం కింద ఇటుక పెడితే చాలు.

పాతదాన్ని వెనకేసుకు రాలేని చోటు ఒకటుంది. బళ్లని గుద్దించి భద్రత పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ 2018లో ఈ మోడల్‌కి ఇచ్చింది ఐదుకి 2 స్టార్లే. రెండే ఎయిర్‌బ్యాగులు, స్టెబిలిటీ కంట్రోల్ లేదు. ట్రాక్టర్లు చేలోంచి మోసుకొచ్చిన రేగడి మట్టి మీద చినుకు పడితే రోడ్డు సబ్బు రాసినట్టు ఉంటుంది, పక్కనే కాలవ. బ్రేకు కొట్టినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా ఏబీఎస్ చూస్తుంది. వంపులో వెనక భాగం పక్కకి జారితే మాత్రం పట్టేది స్టెబిలిటీ కంట్రోలే. 2024 స్విఫ్ట్‌కి అన్ని వేరియంట్లలో ఆరు ఎయిర్‌బ్యాగులు, స్టెబిలిటీ కంట్రోల్ వచ్చాయి. నాలుగో సిలిండర్ పోయింది, ఆగి ఉన్నప్పుడు అదురు కాస్త తెలుస్తుంది. అయినా ఈ రోజు కొనాలంటే అదే కొంటాను, మాన్యువల్‌లో, కింది వేరియంటే. పై వేరియంటుకి పోసే డబ్బులో కొంత అండర్‌బాడీ కోటింగ్‌కీ మంచి టైర్లకీ పెడతాను.