బర్గండీ పాత రైలుదారా, జేర్స్ గుట్టల రోడ్లా?

ఫ్రాన్స్ పల్లెల్లో ట్రాఫిక్ టెన్షన్ లేకుండా సైకిల్ తొక్కాలా? ఈ రెండూ చూడండి: తూర్పున బర్గండీ ప్రాంతం, నైరుతిలో జేర్స్ జిల్లా.

దారి: బర్గండీలో జివ్రీ నుంచి క్లూనీ దాకా 44 కిలోమీటర్లు, పాత రైలుమార్గం మీద 1997లో తెరిచిన బాట. మోటారు బండ్లు రావు. జేర్స్‌లోవి ‘డి’ నంబరు జిల్లా రోడ్లు. చిన్నవాటి మీద కార్లు అరుదు, కానీ వస్తాయి.

శ్రమ: రైళ్లు నడిచిన దారి కాబట్టి బర్గండీలో ఎత్తులు తక్కువ. జేర్స్‌లో ఒక గుట్ట దిగగానే ఇంకోటి. తేలిక గేర్లు లేని సైకిల్‌తో వెళ్లకండి. అయినా జులైలో పూసిన పొద్దుతిరుగుడు చేలు, తేటగా ఉన్న రోజు దక్షిణాన పిరనీస్ పర్వతాలు కనిపిస్తుంటే కాళ్ల నొప్పి గుర్తుండదు.

ఖర్చు: దారికి రెండుచోట్లా రుసుము లేదు.

ఇబ్బంది: జేర్స్ పల్లెల్లో మధ్యాహ్నం కొట్లు మూసేస్తారు. నీళ్లు, తిండి ఉదయమే కొనుక్కోవాలి.

పిల్లలతోనో, మొదటిసారో అయితే బర్గండీ. ఎక్కుడు అలవాటుంటే, నా ఓటు జేర్స్‌కే.