డీప్ ఫ్రీజర్ ఐదేళ్లు వాడాక: కరెంటు ఎక్కడ తగ్గింది, ఎక్కడ తగ్గలేదు

మాది మల్కాజిగిరిలో టాప్ ఫ్లోర్. పైకి మూత తెరిచే రకం డీప్ ఫ్రీజర్, మూడొందల లీటర్లది, ఐదేళ్లుగా వాడుతున్నాం. చలికాలంలో బోయిన్‌పల్లి మార్కెట్ నుంచి తెచ్చి ఒలిచిన బఠానీ, ఎండాకాలం మామిడి గుజ్జు, రాంనగర్ చేపలు, ఏడాదంతా ఏదో ఒకటి ఉంటుంది. చల్లదనానికి వంక పెట్టను. గొడవంతా కరెంటుతోనే, ఎందుకంటే మన దగ్గర నెలకి 200 యూనిట్లు దాటితే మొదటి యూనిట్ నుంచే రేటు మారిపోతుంది, తెలంగాణ ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి ఉన్నవాళ్లకైతే ఆ నెల సున్నా బిల్లే ఉండదు.

అన్నిటికంటే ఎక్కువ తేడా తెచ్చింది అది ఉన్న చోటు. మొదట్లో మేడమీద మెట్ల గదిలో, రేకుల కింద ఉండేది. మే నెల మధ్యాహ్నాల్లో కంప్రెసర్ ఆగేదే కాదు, ప్లగ్ మీటరు పెట్టి చూస్తే రోజుకు రెండు యూనిట్లకు పైనే. కింద ఉత్తరం వైపు గదిలోకి దించాక అదే ఎండల్లో ఒకటిన్నరకి అటూఇటూ వచ్చింది. చుట్టూ జానెడు ఖాళీ వదలాలి, పక్కల్లో కూడా. ఈ రకం ఫ్రీజర్లలో చాలావాటికి వెనక జాలీ ఉండదు, వేడిని బయటికి పంపే పైపు పక్క రేకుల లోపలే తిరిగి ఉంటుంది, ఎండాకాలం ఆ రేకులు ముట్టుకుంటే వేడిగా తగిలేది అందుకే, దానికి టెన్షన్ అక్కర్లేదు. మా ఇంటికొచ్చిన ఒక మెకానిక్ అయితే పక్కలకి థర్మకోల్ అంటించమన్నాడు! వేడి పోయే దారి మూసేస్తే కంప్రెసర్ ఇంకా ఎక్కువసేపు తిరుగుతుంది. బియ్యం బస్తాలు ఆనించినా అంతే.

తర్వాతది ఐసు. ముసురు రోజుల్లో మూత తెరిచినప్పుడల్లా తేమ లోపలికి పోయి గోడలకి గట్టిగా పేరుకుంటుంది, అది అర సెంటీమీటరు దాటితే చల్లదనం సరుకు దాకా సరిగ్గా అందదు. సరుకు తక్కువ ఉన్న రోజు చూసుకుని, ఉన్నదాన్ని థర్మకోల్ పెట్టెలోకి మార్చి, స్విచ్ ఆపి, లోపల వేడినీళ్ల గిన్నె పెట్టి మూత వేస్తే ఐసు దానంతటదే ఊడి వస్తుంది. కత్తితో మాత్రం గీకకండి. ఆ గోడల వెనకే గ్యాస్ పైపులుంటాయి, కొత్త మోడళ్లలో చాలావాటిలో ఉండే ఆర్600ఏ గ్యాస్ మండే రకం కూడా.

మూత రబ్బరు సంగతి చిన్నది. పది రూపాయల నోటు పెట్టి మూత వేసి లాగితే సులువుగా వచ్చేస్తోందంటే అక్కడ గాలి పోతున్నట్టే. మాకు సబ్బునీళ్లతో తుడిస్తేనే బాగైంది.

నాబ్ చివరిదాకా తిప్పి వదిలేసేవాళ్లు చాలామంది. మైనస్ 18 డిగ్రీలు చాలు, లోపల ఒక థర్మామీటర్ పడేసి చూసుకోండి, మా దాంట్లో నాబ్ మధ్యకి తెచ్చినా అక్కడే నిలబడింది.

ఖాళీ జాగాలో నీళ్ల సీసాలు పెడితే కరెంటు తగ్గుతుందని అందరూ అంటారు. నా మీటరులో పెద్ద తేడా కనబడలేదు. నిలువు ఫ్రీజర్‌లో తలుపు తీస్తే చల్లగాలి కిందికి జారిపోతుంది, మూత పైనున్నదాంట్లో బరువైన చల్లగాలి చాలావరకు అడుగునే ఉండిపోతుంది కాబట్టి సీసాలకి ఇక్కడ పెద్ద పని లేదు. కరెంటు పోయినప్పుడు మాత్రం పనికొస్తాయి: నిండుగా ఉండి మూత తెరవకపోతే 48 గంటలు, సగమే ఉంటే 24 గంటల దాకా గడ్డ కరగదంటారు.

చికెనో మటనో ముందురోజు రాత్రే తీసి మామూలు ఫ్రిజ్ కింది అరలో పెట్టండి, అది కరుగుతూ ఫ్రిజ్‌ని చల్లబరుస్తుంది. మామిడి గుజ్జు అయిపోయి ఫ్రీజర్ ఖాళీ అయితే నేను నెలో రెండు నెలలో పూర్తిగా ఆపేస్తాను, కడిగి ఆరబెట్టి, మూత సందులో చెక్కముక్క పెడతాను, లేకపోతే బూజు వాసన పడుతుంది.