కుందేలుకు జారని నేల: జంపఖానానా, ఫోమ్ మ్యాటా?

కుక్కకూ పిల్లికీ పాదాల కింద మెత్తలుంటాయి. కుందేలుకు అవి లేవు, బొచ్చే ఉంటుంది. మట్టిలోనైతే గోళ్లు దిగి పట్టు దొరుకుతుంది. అపార్ట్‌మెంట్లలోని నున్నటి విట్రిఫైడ్ టైల్స్ మీద కాళ్లు పక్కలకు జారిపోతాయి. అందుకే కొన్ని కుందేళ్లు హాల్లోకి రాకుండా మూలనే కూర్చుంటాయి. మనమేమో బద్ధకం అనుకుంటాం.

పరచడానికి సులువుగా దొరికేవి రెండు: నూలు జంపఖానా, పిల్లల గదుల్లో వేసే ఫోమ్ పజిల్ మ్యాట్.

కదలకుండా ఉండటంలో ఫోమే మెరుగు. జంపఖానా ఉత్తినే పరిస్తే కుందేలుతో పాటు అదీ జారుతుంది. కింద రబ్బరు జాలీ వేయాలి, లేదా అంచులు సోఫా కాళ్ల కింద నొక్కిపెట్టాలి.

అసలు టెన్షన్ కొరకడంతో. కుందేలు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, కనబడిందల్లా కొరుకుతుంది. ఫోమ్ ముక్కలు మింగితే పేగుల్లో అడ్డుపడొచ్చు. పైగా కుందేలుకు వాంతి చేసుకోవడం సాధ్యం కాదు. నూలు పోగులూ మంచివేం కాదు, కుచ్చులు కత్తిరించేయండి. కానీ దగ్గరగా నేసిన జంపఖానా ముక్కలుగా ఊడిరాదు. టవల్‌లా ఉంగరాల పోగులున్నవి మాత్రం వద్దు, గోళ్లు చిక్కుకుంటాయి.

మూత్రం పడితే జంపఖానా ఉతికి ఆరేస్తాం. ఫోమ్ అతుకుల్లోకి అది దిగితే వాసన ఒక పట్టాన పోదు.

నా ఓటు జంపఖానాకే. కీళ్లనొప్పులున్న ముసలి కుందేలైతే కింద ఫోమ్ వేసి, అంచులు బయటపడకుండా పైన జంపఖానా కప్పండి. వేసవిలో కొంత నేల ఖాళీగా వదలండి, చల్లదనానికి అక్కడే పడుకుంటుంది.